ముందు చిన్నది, వెనక పెద్దది

జూన్ 10, సోమవారం

బడి తెరిచారు. సైకిల్ మీద వెళ్ళాను. చుడీదారు, దాని మీద మా బళ్ళో టీచర్లు వేసుకునే కోటు, నెత్తిన హెల్మెట్టు. చింతాద్రిపేట చేపల మార్కెట్ దగ్గర ఒకావిడ బేరం సగంలో ఆపేసి మరీ చూసింది. చూడనీ. షుగరు నాకుంది, ఆవిడకి లేదు. డాక్టరు నడవమన్నాడు. నడక అంటే నాకు ఒళ్ళుమంట. ఒక్కదాన్నే చేతులూపుకుంటూ ఎక్కడికని పోవాలి?

గేర్ల సైకిలు. ఎగ్మూరులో సెలీనా అనే అమ్మాయి నడిపే కొట్లో కొన్నాం. కొన్నాం అంటే నేనూ, మా అక్క రాజక్కా. ఏప్రిల్లో ఆసుపత్రి మంచం మీద పడుకొని నా ఫోనులో బొమ్మలన్నీ తిరగేసి, "ఈ నీలంది బాగుండాదే హైమా. క్యారియర్ పెట్టించుకో" అంది. క్యారియర్ ఎందుకని నేను అడగలేదు. మే నెలలో సైకిలు ఇంటికొచ్చింది. రాజక్క రాలేదు.

సెలీనా మాత్రం అడిగింది. గేర్ల సైకిలుకి ఎవరూ క్యారియర్ అడగరట. టిఫిన్ క్యారియర్ కట్టుకోవడానికి అన్నాను. బుర్రూపి బిగించింది.

బండి బాగా పోతోంది. మా ఆయన గడపలో నిలబడి "పడిపోతావేమో చూసుకో" అని దీవించాడు. రంగనాథం దీవెనలన్నీ ఇలాగే ఉంటాయి.

జూన్ 11, మంగళవారం

ఇవాళ బ్రిడ్జి మీద ఒక తమాషా జరిగింది.

నేను చదువుకున్న బళ్ళోనే ఇప్పుడు తెలుగు చెప్తున్నాను కాబట్టి, దారి కూడా అప్పటిదే. కూవం నది మీద అదే బ్రిడ్జి. అదే కంపు. అప్పట్లో మా ఇద్దరికీ కలిపి నాన్న ఒక్క లేడీస్ సైకిలు కొన్నాడు. రాజక్క మొదటిరోజే పడి పన్ను విరగ్గొట్టుకుంది. మళ్ళీ జన్మలో హ్యాండిల్ ముట్టుకోలేదు. కుట్టు మిషను మాత్రం పొద్దస్తమానం తొక్కేది. మిషను తొక్కేదానికి సైకిలెంత అని వెక్కిరిస్తే, "మిషను పడిపోదు కదే" అనేది. అందుకని నేను తొక్కేదాన్ని, తను వెనక కూర్చునేది. డబుల్స్. మా పేటలో సైకిలు మీద ఇద్దరు పోవడానికి ఇంకో మాట లేదు.

బ్రిడ్జి ఎత్తు మొదలవగానే రాజక్క అడిగేది, "దిగేదా?" అని. బళ్ళో పిల్లలకి "దిగనా" అని చెప్పించి రాయిస్తాను గానీ మా ఇంట్లో ఎప్పుడూ "దిగేదా", "పోయేదా", "వండేదా". నేను "వద్దులే, కూర్చో" అనేదాన్ని. కాళ్ళలో సత్తువ లేనిరోజున మాత్రం "దిగు, పైన ఉంటా" అనేదాన్ని. పైకెక్కి, ఫుట్‌పాత్ అంచు మీద కాలు ఆనించి, తను నడిచొచ్చేదాకా నిలబడేదాన్ని. తిట్టుకుంటూ వచ్చేది.

ఇవాళ ఎత్తు దగ్గరికి రాగానే నా నోరు దానంతటదే "వద్దులే, కూర్చో" అంది. గట్టిగానే. పక్కనున్న ఆటోవాడు తిరిగి చూశాడు. నాకే నవ్వొచ్చింది. నోటికి అలవాటు, అంతే.

జూన్ 13, గురువారం

బండి బరువుగా ఉంది. గాలి తక్కువైందేమో.

జూన్ 14, శుక్రవారం

గాలి కొట్టించాను. అలాగే ఉంది.

జూన్ 15, శనివారం

సెలీనా కొట్టుకి వెళ్ళాను. ఆ పిల్ల తమిళంలోనే మాట్లాడుతుంది. నేను రాసేటప్పుడు తెలుగు చేస్తున్నాను, వృత్తి దోషం. బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడమన్నాను. చక్రం తిప్పి చూపించింది. ఎంతకీ ఆగదు.

"బండిలో ఏమీ లేదక్కా. మీరు గేరు వాడడం లేదు" అంది.

స్టూలు వేసి కూర్చోబెట్టి పాఠం చెప్పింది. పెడల్ దగ్గర ఉండేది చైన్ వీలు. వెనక చక్రానికి ఉండేది ఫ్రీవీలు. రెండింటికీ పళ్ళుంటాయి. ముందర ముప్పై ఎనిమిది పళ్ళది, వెనక పంతొమ్మిది పళ్ళది వేసుకుంటే మనం ఒక్క తొక్కు తొక్కేసరికి చక్రం రెండుసార్లు తిరుగుతుంది. వేగం వస్తుంది, కాలికి బరువు. ముందరా వెనకా ఇరవై ఎనిమిది వేసుకుంటే ఒక తొక్కుకి ఒకే చుట్టు. నిదానం, కానీ తేలిక.

"రోడ్డుని చూసి మార్చకండక్కా, కాలిని చూసి మార్చండి. కాళ్ళు ఎప్పుడూ ఒకే తీరుగా తిరగతా ఉండాలి. గుర్తు పెట్టుకోవడం సుళువు. ముందు చిన్నది, వెనక పెద్దది. ఎంత ఎత్తయినా ఎక్కేస్తారు."

ముందు చిన్నది, వెనక పెద్దది. మేమిద్దరం వీధిలోకి వస్తుంటే మా నాన్న అరుగు మీది వాళ్ళతో అచ్చం ఈ మాటే అనేవాడు. చూడండయ్యా, ముందు చిన్నది, వెనక పెద్దది. ఎట్ట మోస్తాదో!

సెలీనాకి ఇవన్నీ చెప్పలేదు. కొట్టునిండా జనం.

జూన్ 19, బుధవారం

గేటు దాటి నాలుగు తొక్కులు తొక్కగానే బండి వెనక ఒక ఊపు వస్తోంది. రోడ్డు మీద గుంట అనుకున్నాను. ఇవాళ దిగి చూశాను. గుంట లేదు.

డబుల్స్ ఎక్కేవాళ్ళు బండి ఆగి ఉండగా ఎక్కరు. కదిలాక వెనకే నాలుగడుగులు పరిగెత్తి, పక్కకి తిరిగి ఎగిరి కూర్చుంటారు. అప్పుడు హ్యాండిల్ కొంచెం తేలుతుంది. తొక్కేవాళ్ళు దాన్ని అణిచిపెట్టుకోవాలి.

అణిచిపెట్టుకుంటున్నాను. చేతులకి ఇంకా గుర్తుంది.

జూన్ 24, సోమవారం

ముందు ఇరవై ఎనిమిది, వెనక ఇరవై ఎనిమిది. ఇంతకంటే చిన్న గేరు ఈ బండిలో లేదు. అయినా బ్రిడ్జి మీద మోకాళ్ళు పట్టేశాయి. వయసు. నలభై ఆరు అంటే తక్కువా?

జూన్ 29, శనివారం

సెలీనాని వెనక ఇంకా పెద్దది వెయ్యమన్నాను. ముప్పై నాలుగు పళ్ళది ఉందట, కొండల్లో తొక్కేవాళ్ళు వాడతారట.

"ఇది మెడ్రాసా, ఊటీనా అక్కా?" అని నవ్వింది. "మనకి ఎత్తంటే ఫ్లైఓవరే కదా."

"నా మోకాళ్ళకి అదే ఊటీ" అన్నాను.

నా బండి తను ఎక్కి వీధి చివరిదాకా తొక్కొచ్చింది. పక్షిలా పోతోందక్కా, వద్దు, తర్వాత కాళ్ళు ఉత్తినే తిరుగుతాయి అంది. నేను వినలేదు. ఫ్రీవీలు మార్చి చైను పొడుగు చేసింది.

జూలై 1, సోమవారం

బాగుంది. చాలా బాగుంది. బ్రిడ్జి నిదానంగా, ఆయాసం లేకుండా ఎక్కాను. సగంలో "దిగేదా?" అని వినిపించింది. కింద కూవం, పక్కన బస్సుల హారన్లు. ఆ రొదలో ఏదైనా ఏదోలా వినిపిస్తుంది. "వద్దులే, కూర్చో" అన్నాను. ఉత్తినే, సరదాకి.

జూలై 2, మంగళవారం

"దిగేదా?"
"వద్దులే, కూర్చో."

జూలై 3, బుధవారం

ఇవాళ కూడా.

జూలై 5, శుక్రవారం

మా నందితకి ఇరవై ఏళ్ళు. కాలేజీలో మూడో ఏడు. తెలుగు టీచరు కూతురు తెలుగు మాట్లాడదు. నేను తెలుగులో అడిగితే తమిళంలో బదులిస్తుంది, మధ్యలో జాలిపడి రెండు తెలుగు మాటలు వేస్తుంది. ఇవాళ టిఫిను తింటూ అంది:

"అమ్మా, రోజూ గేటు దగ్గర ఎందుకు నిక్కిరే?"

నిలబడడం లేదే అన్నాను. నిలబడతానట. మేడ మీంచి చూస్తుందట. సైకిల్ ఎక్కి, ఒక కాలు నేల మీద పెట్టి, మేడమెట్ల వైపు చూస్తూ కాసేపు ఉండి అప్పుడు కదులుతానట.

"యారుక్కు వెయిట్ పణ్ణిరే?"

"ఎవరికోసమూ కాదు, హెల్మెట్టు బిగించుకుంటానేమో లేవే" అన్నాను. అంతే అయ్యుంటుంది.

మేడమెట్ల పైన రాజక్క గది. పెళ్ళి చేసుకోలేదు. ఇంత కాలమూ మాతోనే, ఆ గదిలోనే ఉండి, పేటలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టింది. పొద్దున్నే మిషను మోత వినిపిస్తేనే నందిత నిద్ర లేచేది.

జూలై 13, శనివారం

వెనక చక్రం కిర్రుమంటోందని తీసుకెళ్ళాను. సెలీనా చక్రం విప్పి, ఇరుసుకి చుట్టుకొన్న దారం కత్తితో కోసి తీసింది. చాలా దారం. ఆకుపచ్చ, మెరూన్, నల్లది, పసుపు. రోడ్డు మీది దారం చక్రాలకి చుట్టుకోవడం మామూలేనట, మెడ్రాసులో అందరి బళ్ళకీ ఉంటుందట.

"కానీ ఇంత శుభ్రమైన దారం చూడలేదక్కా. రోడ్డు దారమైతే గ్రీజుతో నల్లగా ఉంటుంది. ఇది కొత్త కండెలోంచి తీసినట్టుంది."

మాది నేతవాళ్ళ పేట అన్నాను. అక్కడ ఇప్పుడు నేసేవాళ్ళు ఎవరున్నారు? ఏదో ఒకటి అనాలి కదా, అన్నాను. దారం పారెయ్యబోయింది. ఇలా ఇవ్వమని తీసుకొని కోటు జేబులో పెట్టుకున్నాను. మెరూనుది నా పట్టుచీర జాకెట్టు రంగు.

జూలై 18, గురువారం

డాక్టరుకి సంతోషంగా ఉంది. షుగరు బాగా తగ్గింది. నాకు బరువు కూడా తగ్గింది, మరీ తగ్గిందట. పళ్ళెంలో సగం వదిలేస్తున్నావని రంగనాథం చెప్పాడు. చెప్పడానికి ఆయనకి ఇంకేం లేనట్టు. "గుండె దడ ఉందా?" అని డాక్టరు అడిగాడు. లేదన్నాను.

బ్రిడ్జి పైకెక్కాక ఉంటుంది. దడంటే భయం కాదు. సంతోషంగా ఉంటుంది.

జూలై 22, సోమవారం

వెనక చక్రంలో స్పోకులు తెగాయి. క్యారియర్ కాడలు రెండూ కిందకి వంగాయి. సెలీనా ముక్కు మీద వేలేసుకుంది.

"ఎవర్ని డబుల్స్ తీసుకుపోతున్నారక్కా? నిజం చెప్పండి."

"టిఫిన్ క్యారియర్."

"దాంట్లో ఏం పెడుతున్నారు, రుబ్బురోలా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గట్టి స్పోకులు వెయ్యమన్నాను. ముందర కూడా చైన్ వీలు మార్చమన్నాను. ఇరవై రెండు పళ్ళది. ఈసారి సెలీనా నవ్వలేదు.

"ముందు ఇరవై రెండు, వెనక ముప్పై నాలుగు అంటే, ఒక తొక్కుకి చక్రం ముప్పాతిక చుట్టు కూడా తిరగదక్కా. నడిచేవాళ్ళు మిమ్మల్ని దాటిపోతారు. ఖాళీ బండి మీద అయితే తొక్కినట్టే ఉండదు. ఇది మీ కాళ్ళకి సరిపడే గేరు కాదు."

నా కాళ్ళకని ఎవరన్నారు? పైకి అనలేదు. మనసులో అనుకున్నాను, ఇక్కడ రాస్తున్నాను.

జూలై 23, మంగళవారం

సరిగ్గా సరిపోయింది.

జూలై 29, సోమవారం

ఇంక నాకు నేను దాచుకోవడం ఎందుకు? ఇది నా డైరీ, ఎవరూ చదవరు.

గాలి కాదు, బ్రేకు కాదు, మోకాలు కాదు. గేటు దాటగానే ఎగిరి కూర్చుంటుంది. చేపల మార్కెట్ దగ్గర ముక్కు మూసుకుంటుంది. అప్పుడు నా కోటు ఒక చేత్తోనే పట్టుకొని ఉంటుంది, నాకు తెలుస్తుంది. ఎత్తు రాగానే అడుగుతుంది. నేను వద్దంటాను. బడి గేటు దగ్గర బరువు తేలిపోతుంది. సాయంత్రం మళ్ళీ అక్కణ్ణుంచే.

తిరిగి చూడలేదు ఎప్పుడూ. చిన్నప్పుడూ చూసేదాన్ని కాదు. తొక్కేవాళ్ళు ముందుకే చూడాలి, వెనక ఉన్నారని నమ్మాలి.

భయపడాలేమో. నాకు భయంగా లేదు. ఇంటికి ఎవరైనా వచ్చి రాజక్క గురించి "పాపం, అవస్థ పడకుండా పోయింది" అన్నప్పుడే నాకు భయం వేసింది.

ఆగస్టు 2, శుక్రవారం

నందిత బస్సు తప్పిపోయిందని, దారిలో దింపమని క్యారియర్ దగ్గరికి వచ్చింది.

"జాగా లేదు" అన్నాను.

నోట్లోంచి ఊడిపడింది. నందిత ఖాళీ క్యారియర్ వైపు చూసింది, నా వైపు చూసింది. నడిచి వెళ్ళిపోయింది. టిఫిన్ క్యారియర్ కూడా కట్టలేదు ఇవాళ. సర్దిచెప్పుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

రోజంతా మనసు పాడైంది. పిల్లలు సంధులు అడిగితే సమాసాలు చెప్పాను.

ఆగస్టు 7, బుధవారం

అందరూ పడుకున్నాక రాస్తున్నాను.

సాయంత్రం వాన. బడి వదిలి నేను బయల్దేరుతుంటే నందిత ఫోను. ఎగ్మూరు స్టేషన్ దగ్గర ఉన్నాను, ఒక్క ఆటో ఆగడం లేదు, నన్ను తీసుకుపో అంది. మొన్న అన్న మాట గుర్తొచ్చి, కాదనలేకపోయాను. బడి గేటు దాటగానే ఎప్పటిలాగే బరువు ఎక్కింది. స్టేషన్ దగ్గర ఆగాను. నందిత వచ్చి కూర్చుంది. బరువు పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇరవై రెండుకి ముప్పై నాలుగు. అయినా తొడలు చీలిపోతున్నట్టుంది. బ్రిడ్జి ఎత్తు సగం ఎక్కాను. "దిగేదా?" అంది రాజక్క. నేను ఊపిరి అందక పలకలేదు. వెనకనుంచి ఒక్క అరుపు. బ్రేకు వేసి, బండి దిగి చూసేసరికి నందిత రోడ్డు మీద పడి ఉంది. వెనకే వస్తున్న వ్యాను వంకర కొట్టి ఆగింది. చక్రానికీ నందిత తలకీ మధ్య ఎంత ఉందో చూశాను. ఎంత ఉందో రాయను.

మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టారు. రంగనాథం నా తడి కోటు తీసి ఆరేశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

పడుకోబెట్టి, జారిపోయావా అని అడిగాను.

"జారలేదుమా."

"మరి? ఎవరైనా తోశారా?"

"తోయలేదు." కట్టు చెయ్యి దిండు మీదకి జరుపుకుంది. "బస్సులో పక్కన ఉండేవాళ్ళు కొంచెం జరిగి కూర్చుంటారే, అంద మాదిరి. ఎవరో జరిగినట్టు ఇరుందిచ్చి. నాకు జాగా లేకపోయింది."

ఆగస్టు 8, గురువారం

బడికి పోలేదు. రాజక్క గదిలో కూర్చున్నాను. మిషను మీద దుమ్ము లేదు. నేను తుడవలేదు. నందిత తుడిచి ఉంటుంది. అడగలేదు.

రాజక్క కావాలనే చేసిందని నేను అనుకోను. నందితని ఒడిలో పెట్టుకొని పెంచింది. ఒక్క క్యారియర్ మీద ఇద్దరికి చోటెక్కడిది? తప్పు కూర్చున్నవాళ్ళది కాదు. రోజూ దిగుతానని అడుగుతూనే ఉంది. రోజూ వద్దంది నేను. దిగమనాల్సి వస్తుందని కదా పళ్ళమీద పళ్ళు మార్పిస్తూ వచ్చాను. ఎంత బరువైనా మోసే గేరు ఒకటి దొరికితే, ఆ మాట అనే అవసరమే రాదనుకున్నాను.

నాకు రాజక్క కావాలి. ఆ ఒక్క మాట రాయకుండా ఇన్ని పేజీలు నింపాను.

నందిత కింద ఎడమచేత్తో అన్నం తింటోంది. చెంచా పళ్ళేనికి కొట్టుకుంటున్న చప్పుడు పైకి వినిపిస్తోంది.

ఆగస్టు 9, శుక్రవారం

గేటు దగ్గర ఒక కాలు నేల మీద పెట్టి ఆగాను. ఈసారి తెలిసే ఆగాను. కదిలాక ఊపు వచ్చింది. చేపల మార్కెట్. అక్కడ మెల్లగా తొక్కాను, ఎంత మెల్లగా తొక్కగలనో అంత మెల్లగా. ఎత్తు వచ్చింది.

"దిగేదా?"

ఎదురుగా ఎగ్మూరు వైపు సిగ్నల్ ఎర్రగా ఉంది, దాన్నే చూస్తూ అన్నాను.

"దిగు."

హ్యాండిల్ ఒక్కసారి చేతుల్లో బరువెక్కి నేలకి అణిగింది. వెనక ఏమీ లేదు. కాళ్ళు ఉత్తుత్తినే గిర్రున తిరిగాయి, చైను తెగిపోయిందేమో అనిపించింది. ఆ గేరులో ఖాళీ బండి అంటే గాలిని తొక్కడమే. సెలీనా చెప్పినట్టే, తొక్కినట్టే లేదు. ముందుకి తూలి హ్యాండిల్ మీద పడబోయి, ఎలాగో ఒక్కొక్క గేరూ పెంచుకుంటూ పైకెక్కాను. ఎంత పెంచినా తేలిగ్గానే ఉంది. ఏడుస్తూ తొక్కాను, అందరూ చూశారు.

"దిగు, పైన ఉంటా" అనాలి. సగమే అన్నాను. పైన ఆగలేదు. ఆగితే వస్తుంది. వస్తే మళ్ళీ ఎక్కించుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. తిరిగి చూడకుండా దిగువకి వదిలేశాను.

సాయంత్రం ఆ బ్రిడ్జి మీదుగా రాలేదు. చుట్టు తిరిగి ఇంకో బ్రిడ్జి మీదుగా ఇంటికొచ్చాను.

ఆగస్టు 12, సోమవారం

చుట్టుదారి. పొద్దునా, సాయంత్రమూ.

ఆగస్టు 13, మంగళవారం

చుట్టుదారి. వాన పడుతోంది. బ్రిడ్జి మీద నిలబడడానికి నీడ కూడా ఉండదు.

ఆగస్టు 20, మంగళవారం

సెలీనా పాత గేర్లు మళ్ళీ బిగించింది. ఎందుకని అడగలేదు, మంచి పిల్ల. చూడనట్టే క్యారియర్ కాడలు కూడా నిటారు చేసింది. విప్పేయమంటారా అని అడిగింది. ఉండనీ అన్నాను.

బండి చక్కగా పోతోంది. ముందు ముప్పై ఎనిమిది, వెనక పంతొమ్మిది. కాళ్ళు ఒకే తీరుగా తిరుగుతున్నాయి. గేటు దాటాక ఊపు లేదు. ఇంట్లో అందరూ నేను కోలుకున్నానని అనుకుంటున్నారు.

దిగమని చెప్పి ఆగకుండా పోయేవాళ్ళని ఏమంటారు? మా పేటలో ఒక మాట ఉంది గానీ రాయను.

సెప్టెంబరు 2, సోమవారం

నందిత కట్టు విప్పే రోజు. ఆసుపత్రి ఎగ్మూరులోనే. ఆటో పిలుస్తానంటే వద్దంది. ఆ రోజు పడ్డ బండే ఎక్కుతుందట, లేకపోతే జన్మంతా భయం ఉండిపోతుందట. రాజక్క పన్ను సంగతి ఎవరో చెప్పి ఉంటారు.

"ఎక్కు. కానీ చుట్టుదారిన పోదాం" అన్నాను.

"ఏన్‌మా? ఆ బ్రిడ్జి దగ్గిర కదా."

ఏం చెప్పను? సరేనన్నాను. నాలుగడుగులు పరిగెత్తి ఎగిరి కూర్చుంది. హ్యాండిల్ తేలితే అణిచిపెట్టుకున్నాను. కోటు రెండో చేత్తో పట్టుకుంది, కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకొని. వీధిలో పోతుంటే నాకు తట్టింది. ఇప్పుడు ముందు పెద్దది, వెనక చిన్నది. సెలీనా లెక్కలో ఇదే అన్నిటికంటే బరువైన గేరు.

బ్రిడ్జి కనిపించగానే గుండె దడ మొదలైంది. ఇది సంతోషం కాదు. ముందు ఇరవై ఎనిమిది, వెనక ఇరవై ఎనిమిది వేసుకున్నాను. ఎత్తు సగానికి వచ్చేసరికి బండి ఒక్కసారిగా బరువెక్కింది. వెనకనుంచి అడిగింది.

"దిగేదా?"

నందిత తెలుగులో అడిగిందే అని ముచ్చటేసింది ముందు. ఆయాసపడుతూనే అన్నాను. ఈసారి మొత్తం అన్నాను.

"దిగు. పైన ఉంటా."

వెనక తేలికైంది. పైకెక్కాను. ఫుట్‌పాత్ అంచు మీద కాలు ఆనించి ఆగాను. పక్కనుంచి బస్సులు పోతున్నాయి, కూవం కంపు కొడుతోంది. జేబులో చెయ్యి పెడితే ఆ దారం తగిలింది. తిరిగి చూశాను. సైకిల్ మీద కూర్చొని వెనక్కి చూడడం నా జీవితంలో ఇదే మొదలు.

నందిత కట్టు చేతిని ఇంకో చేత్తో పట్టుకొని, తిట్టుకుంటూ నడిచి వస్తోంది. దగ్గరికొచ్చాక అడిగాను.

"దిగేదా అని అంత చక్కగా ఎప్పుడు నేర్చుకున్నావే?"

"నాన్ ఒణ్ణుమే కేక్కలియేమా" అంది ఆయాసంగా. తనేమీ అడగలేదట. నేనే దిగు, పైన ఉంటా అన్నానట. అందుకని దిగిందట.

నందిత వెనక ఉన్న ఎత్తంతా చివరిదాకా చూశాను. కాసేపు ఆగాను. ఇంకొంచెం సేపు ఆగాను. "పోదామా?" అంది నందిత.

పైన ఉంటానన్నాను, ఉన్నాను. నందిత ఒక్కతే వచ్చింది.